గాలి పరుపుకి ట్యూబు సొల్యూషన్ అంటుకోదు

గుడిమల్కాపూర్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు: “అన్నా, సెకండ్ హ్యాండ్ వ్యాన్ తీస్కొని వెనక పండుకునేటట్టు చేస్కున్నం. గాలి పరుపు వేసినం. రాత్రి గట్టిగ నింపితే తెల్లారేసరికి నడుము కింద తగుల్తుంది. పూల మార్కెట్ కాడ పంక్చర్ షాపుల ప్యాచ్ వేయించిన, రెండు రోజులకే ఊడింది. కొత్తది కొనాల్నా, దీన్నే బాగు చేస్కోవాల్నా? వచ్చే వారం అరకు ప్లాన్ ఉంది.”

మన దగ్గర కేరవాన్ అంటే షూటింగ్‌లో హీరోగారి బండే గుర్తొస్తుంది. కానీ గుడిమల్కాపూర్ పక్కనే ఉన్న కార్వాన్‌కి ఆ పేరొచ్చింది ఈ మాటలోంచే. గోల్కొండ రోజుల్లో వర్తకుల బిడారులు దిగిన చోటు అది. కాబట్టి ఆ ఏరియా కుర్రాళ్లు వ్యాన్‌లో పక్క వేసుకుని ఊళ్లు తిరుగుతున్నారంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ముందు పంక్చర్ షాపాయన్ని తిట్టుకోవడం ఆపండి. ఆయన వేసే సొల్యూషన్ రబ్బరు ట్యూబు కోసం తయారైంది. అది రబ్బరుతో కలిసిపోయి పట్టుకుంటుంది. మనం కొనే గాలి పరుపులు చాలావరకు పీవీసీ, అంటే ఒక రకం ప్లాస్టిక్. దాని మీద ఆ సొల్యూషన్ ఆరినట్టే కనిపిస్తుంది, మనిషి పడుకోగానే పొరలా లేచొస్తుంది. ఫెవిక్విక్ వేస్తే ఇంకో గొడవ. అది గాజులా బిగుసుకుపోతుంది, పరుపేమో వంగుతూ మడుస్తూ ఉంటుంది, దాంతో పగిలిపోతుంది. ఇంటి పైపులకి వాడే సాల్వెంట్ అసలు వద్దు, పల్చటి షీటుని తినేస్తుంది. మీకు కావాల్సింది వినైల్ అంటించే గమ్, ఒక పీవీసీ ముక్క. పరుపుతో వచ్చిన చిన్న కవర్లో ఆ ముక్క ఉండే ఉంటుంది. చాలామంది డబ్బాతో పాటు దాన్నీ పారేస్తారు, అది వేరే సంగతి.

అసలు లీకేనా అన్నది కూడా చూడాలి. గాలి చల్లబడితే ముడుచుకుంటుంది. సాయంత్రం 32 డిగ్రీల దగ్గర నింపిన గాలి తెల్లవారుజామున 12కి వచ్చిందనుకోండి, వందకి ఆరేడు పాళ్లు తగ్గుతుంది. చిల్లు ఒక్కటీ లేకపోయినా పరుపు మెత్తబడుతుంది. కొత్త పరుపైతే మొదటి రెండు మూడు రాత్రులు షీటు సాగి కూడా వదులవుతుంది. అందుకే టెస్టు వ్యాన్‌లో కాదు, ఇంట్లో చేయండి. పొద్దున నింపి గదిలో పెట్టి, రాత్రికి చూడండి. గది వేడి పెద్దగా మారకుండానే పరుపు కుంగితే అది లీకే.

లీకు అనగానే అందరూ షీటు మీద చిల్లు వెతుకుతారు. నేనైతే ముందు వాల్వ్ చూస్తాను. మూత సరిగ్గా కూర్చోకపోయినా, లోపలి రబ్బరు రింగు మీద ఇసుక రేణువు ఉన్నా చాలు. తుడిచి, మూత బిగించి, దాని చుట్టూ సబ్బు నురగ రాయండి. బుడగలు రాకపోతే అప్పుడు మిగతా పరుపు మీదికి వెళ్లండి. పంక్చర్ షాపులోలాగా తొట్టెలో ముంచలేం కదా, గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి స్పాంజితో రాస్తే సరిపోతుంది. (ఇంట్లో కుంకుడుకాయలుంటే ఆ నురగ కూడా పనికొస్తుంది.) బుడగ ఉబ్బిన చోట పెన్నుతో గుండ్రంగా గీయండి. ఫ్యాన్ ఆపి చెవి పెట్టి వినడం కూడా పనిచేస్తుంది, కాకపోతే పూల బండ్లు దిగే వేళ గుడిమల్కాపూర్‌లో అది కుదిరే పని కాదు.

దొరికాక తొందరపడొద్దు. గాలంతా తీసేయండి. పైన వెల్వెట్‌లా నూగు ఉంటే సన్న ఉప్పుకాగితంతో గీకేయాలి. ఆ నూగు మీద ఏ గమ్మూ నిలవదు. స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. చిల్లుకి అన్ని వైపులా ఒక అంగుళం దాటేలా ప్యాచ్ కోయండి, మూలలు గుండ్రంగా. చదరంగా కోస్తే మూల దగ్గరే లేస్తుంది. గమ్ రాసి అంటించి, పైన బియ్యం బస్తా పెట్టి ఒక రోజు పూర్తిగా మర్చిపోండి. ఇదంతా కిటికీలు మూసిన వ్యాన్‌లో మాత్రం చేయొద్దు, ఆ వాసనకి తల తిరుగుతుంది.

చిల్లు రెండు షీట్లు కలిసే అతుకు మీద ఉంటే నా సలహా వేరు. ప్యాచ్ అక్కడ చదునుగా కూర్చోదు, పైగా ఎక్కువ ఒత్తిడి పడేదీ అక్కడే. పరుపు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బిందంటే లోపలి గోడ తెగినట్టు, దానికి బయటి నుంచి వైద్యం లేదు. అప్పుడు కొత్తది కొనాల్సిందే. అయితే వ్యాన్‌లో మంచం ఎప్పుడూ వేసే ఉంచుతారా? అలాగైతే మళ్లీ గాలి పరుపు ఎందుకు? పరుపుల షాపుల్లో ఫోమ్ షీటు కొలతకి కోసిస్తారు. పగలు సీట్లు కావాలి, రాత్రికే పడక కావాలి అనేవాళ్లకే గాలి పరుపు.

పరుపు పాతదైనా కొత్తదైనా కింద బొంత పరవండి. వ్యాన్‌లో చిల్లులు పడేది బెల్టు బకిల్ వల్లో, సీటు పట్టాల బోల్టుల వల్లో. ఇంకో బొంత పైన వేసుకోండి, లేకపోతే లోపలి చల్లగాలి రాత్రంతా వీపుకి తగులుతూనే ఉంటుంది. చలేస్తోందనో ఉక్కగా ఉందనో అద్దాలన్నీ మూసి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి మాత్రం పడుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

తమ్ముడూ, నువ్వు పంపిన ఫొటో చూశాను. చిల్లు పరుపు మధ్యలో ఉంది, అతుకుకి దూరం. బాగవుతుంది. పాత సొల్యూషన్ జాడ లేకుండా గీకి మొదలుపెట్టు. అతికించాక ఒక రాత్రి ఇంట్లోనే దాని మీద పడుకుని చూడు. నిద్ర లేకుండా అరకు ఘాట్‌లో స్టీరింగ్ పట్టుకునే పని పెట్టుకోకు. విశాఖలో గట్టిగా నింపి కొండెక్కొద్దు. పైన బయటి గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తగ్గుతుంది, పరుపు ఇంకా ఉబ్బి కొత్త ప్యాచ్‌ని లాగేస్తుంది. పైకి చేరాకే నింపు, వేలితో నొక్కితే కొంచెం దిగేంత చాలు.