దత్తపదికి చప్పట్లు, కొలాజ్‌కు చీత్కారమా?

"కంప్యూటరులో నాలుగు ఫొటోలు కత్తిరించి అతికించడం కూడా ఒక కళేనా?" అని పెదవి విరిచే పెద్దలు మన సాహిత్యాభిమానులలో తక్కువమంది కారు. వారిలో చాలామంది అవధాన సభలో ముందువరుసన కూర్చుండి, దత్తపదికి మురిసి చప్పట్లు చరిచేవారే. నా తగవంతా అక్కడే.

దత్తపదిలో జరిగేదేమిటి? పృచ్ఛకుడు పొంతనలేని నాలుగు పదాలిస్తాడు. ఒక్కొక్కప్పుడు అవి ఆంగ్లపదాలు కూడాను. అడిగిన విషయంపై, అడిగిన వృత్తంలో వాటిని ఇమడ్చాలి. ఆ నాలుగింటిలో ఒక్కటీ అవధాని సొంతం కాదు. అయినా "అరువుమాటల పద్యం" అని ఎవరూ ఆక్షేపించరు. ప్రతిభ ఆ పదాలలో లేదు, వాటి పొందికలో ఉన్నదని మనకు తెలుసు గనుక.

డిజిటల్ కొలాజ్ సంగతీ అంతే. ఒక ఉదాహరణ చూడండి. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1913లో బుడాపెస్టులో జన్మించి, 1941లో లాహోరులో 28 ఏళ్లకే కన్నుమూశారు. ఆమె చెల్లెలు ఇందిర కుమారుడు, 2023లో కీర్తిశేషులైన వివాన్ సుందరం పుట్టినది 1943లో. అంటే పెద్దమ్మను ఆయన కంటితో చూసి ఎరుగరు. తాతగారు ఉమ్రావ్ సింగ్ సంస్కృత పారశీక పండితులు. తమనూ తమ కుటుంబాన్నీ దశాబ్దాల పాటు ఫొటోలు తీసినవారు. ఆ పాత ఫొటోలను ఆధారం చేసుకొని సుందరం 2001-02లో ‘రీటేక్ ఆఫ్ అమృత’ అనే నలుపు తెలుపు చిత్రమాలికను కంప్యూటరుపై కూర్చారు. వేర్వేరు కాలాల తండ్రీకూతుళ్లు అందులో ఒకే చట్రంలో ఎదురుపడతారు.

ఇది మీట నొక్కగానే అయ్యే పనా? ఒక ఫొటోలో వెలుతురు ఎడమనుంచి పడితే, మరొకదానిలో కుడినుంచి పడుతుంది, నీడలు తగవులాడతాయి. ఒకటి దగ్గరనుంచి, ఒకటి దూరంనుంచి తీసినవైతే తలల కొలతలు పొసగవు. అంచు మరీ పదునుగా కోస్తే అతుకు బయటపడుతుంది, మరీ మెత్తబరిస్తే రూపమే కరిగిపోతుంది. 1990లో వచ్చిన ఫొటోషాప్‌లో 1994నాటికి ‘లేయర్లు’ చేరాయి. అంటే ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క పొరపై నిలిపి, తక్కినవి చెడకుండా జరుపుకొనే వీలు కలిగింది. పనిముట్టు ఇచ్చినది ఆ వీలునే. ఏది పైన ఉండాలి, ఏది తీసివేయాలి అన్న నిర్ణయం మనిషిదే. గంటం పట్టినవారందరూ పోతనలు కాలేదు కదా!

ఏళ్ల తరబడి బడిలో గుణసంధి చెప్పినవాణ్ణి. అకారానికి ఇకారం పరమైతే ఆ రెండూ పోయి ఏకారం వస్తుంది. మంచి కొలాజ్‌లో అర్థం పుట్టేదీ ఇలాగే. తండ్రి ఫొటో విడిగా చూస్తే ఒక ఇంటి జ్ఞాపకం, కూతురిదీ అంతే. ఇద్దరినీ ఒకచోట నిలపగానే, ఎవరు ఎవరిని చూస్తున్నారనే ప్రశ్న తలెత్తుతుంది. ఆ ప్రశ్న విడి ఫొటోలు రెండింటిలోనూ లేదు.

"అయితే పరుల సొమ్ము తెచ్చుకోవడం చౌర్యం కాదా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కావ్యమీమాంసలో రాజశేఖరుడు శబ్దహరణాన్నీ అర్థహరణాన్నీ విస్తారంగా చర్చించి, ఏది తగును ఏది తగదు అని విభజించాడు. దత్తపదిలో పదాలను సభ ఎదుటే ఇస్తారు, దాపరికం లేదు. సుందరం కూడా ఆ ఫొటోలు తాతగారివని దాచలేదు. ఎవరి బొమ్మనో తెచ్చి తన పేరు పెట్టుకొనేవాడు దొంగే. జరగనిదాన్ని జరిగినట్లు నమ్మించడానికి ఫొటోలు అతికేవాడు మోసగాడే. అక్కడి దోషం దాపరికానిది, కత్తెరది కాదు. ఆ దోషాన్ని చూపి కళనంతటినీ వెలివేయడం, కుకవులున్నారని కవిత్వాన్నే నిషేధించడం వంటిది.

కాబట్టి కొలాజ్ ఎదురైనప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ముక్కలు ఎక్కడివో చెప్పాడా? వాటి కలయికలో విడిగా లేని అర్థమేదైనా పుట్టిందా? రెండింటికీ ఔనన్న సమాధానం వచ్చాక కూడా అది కళ కాదనేవారు, ముందు అవధానంలోనుంచి దత్తపదిని తొలగించమని చెప్పి, ఆపైన నాతో వాదానికి రండి.