తాళపుచెవి లేని భోషాణము

2020 అక్టోబరు నడుమ హైదరాబాదులో పల్లెచెరువు, గుఱ్ఱం చెరువు ఒకదాని వెంట నొకటి కట్టలు తెగి, అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబానగర్ మొదలగు చోట్ల ఇండ్లలోనికి రాత్రికి రాత్రి నీరు చొచ్చుకొని వచ్చినపుడు, ప్రాణములు దక్కించుకొనినవారు తెల్లవారి వెదకికొనినది బంగారము, బట్టలు మాత్రమే కాదు. ఇంటి దస్తావేజులు, పిల్లల మార్కుల మెమోలు, పెండ్లి ఆల్బములు కూడ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ పరిసరములను ఊడ్చుకొనిపోయిన కాలమున ఏ యింటి కాగితమునకైనను రెండవ ప్రతి యుండుట యరుదు. నేడు ప్రతి జేబులోను కెమెరా యున్నది గనుక రెండవ ప్రతి సులభసాధ్యమే. కాని అదియు ఆ యింటిలోనే, ఆ జేబులోనే యున్నచో వరద పాలిటికి రెండును ఒకటే. కావున ఫోనులోనివానిని క్లౌడ్‌లో భద్రపఱచుకొనుడని చెప్పువారి హితవు నాకు సమ్మతము. ఎక్కడనో దూరదేశపు కంప్యూటర్లలో ఒక ప్రతి యుండుట, మన చెరువుకట్టల పటిష్ఠత కంటె మేలైన పూచీ యనియే చెప్పవలెను.

నా చింత వేఱు. మా శాలిబండ ప్రాంతమున బ్యాకప్ అనునది ఒక మీటగా మాత్రమే పరిచయమైనది. అది వెలుగుచున్నచో పని అయినట్లే. ఏది, ఎవరి ఖాతాలోనికి, ఎంతవఱకు చేరుచున్నదని విచారించువారు కానరారు.

మొన్న మా వీథిలోని ఫోను దుకాణమునకు ఒక ముదుసలి యిల్లాలు వచ్చి, నీళ్ల బకెట్‌లో పడి మూగవోయిన ఫోనును బల్లపై నుంచి క్రొత్తది కొనెను. “అమ్మా, నీ జీమెయిల్ ఏంది? పాస్‌వర్డ్ చెప్పు, ఫొటోలన్ని వస్తయ్” అనెను పిల్లవాడు. “నాకేం ఎరుక బిడ్డా? కొన్ననాడు ఆ దుకాణంల పిలగాడే ఏదో కొట్టి ఇచ్చిండు” అని ఆమె సమాధానము. ఆమె మనుమడు పాత సందేశములలో వెదకి ఆ ఖాతా పేరును ఎట్లో పట్టుకొనెను. అయినను ఫోను తెర ఒక నంబరులోని చివరి రెండంకెలు మాత్రము చూపి, దానికి కోడు పంపెదననెను; ఆ యంకెలు ఆమె నంబరువి కావు, ఇంటిలో ఎవ్వరివియు కావు. మనుమరాలి ఓణీల ఫంక్షను చిత్రములు, ఇంటిపన్ను రసీదులు క్లౌడ్‌లో క్షేమముగనే యుండియుండును. అది తాళపుచెవి అంగడిలో మఱచి యింటికి తెచ్చుకొనిన భోషాణము వంటిది. రెండేండ్లపాటు ఎవరును వాడని ఖాతాలను తొలగించుటకు వీలు కల్పించుకొనుచు గూగుల్ 2023లో నియమము చేసినది గనుక, ఆ భోషాణమైనను కలకాల ముండునను భరోసా లేదు.

ఖాతా మనదే యైనను నిశ్చింత యనరాదు. గూగుల్ ఉచితముగా నిచ్చునది 15 జీబీ. మెయిలు, డ్రైవు, ఫొటోలు అన్నియు అందులోనే సర్దుకొనవలెను. ఆపిల్ వారిచ్చునది 5 జీబీయే. కొంత నాణ్యత తగ్గించిన ఛాయాచిత్రములను లెక్కింపకుండ దాచి పెట్టిన గూగుల్ ఔదార్యము 2021 జూన్ 1తో ముగిసినది. ఆండ్రాయిడ్ ఫోనుల వాట్సాప్ బ్యాకప్ సైతము 2024 నుండి ఆ పదునైదింటి లెక్కలోనికే వచ్చినది. దినదినము వచ్చిపడు శుభోదయపు గులాబీలు, ఎవరిదో తెలియని బారాత్ వీడియోలు ఆ చోటును ఆక్రమింపగా, నిండిననాడు బ్యాకప్ నిలిచిపోవును. ఆ సంగతి తెలుపు సూచనను మనము వేలితో ప్రక్కకు త్రోసి మఱచెదము. అంతకంటె మోసకరమైనది మఱియొకటి గలదు: గూగుల్ ఫొటోస్ సాధారణముగా కెమెరాతో తీసినవానినే పంపును, వకీలు వాట్సాప్‌లో పంపిన దస్తావేజు చిత్రము వేఱొక ఫోల్డరులో నుండును, దానిని ప్రత్యేకించి చేర్పవలెను. ఇఁక ఫోనులో చోటు చాలదని ఆ యాప్‌లోనే చిత్రములను చెఱిపివేయువారు, అవి క్లౌడ్ నుండియు తొలగి, 60 దినములు చెత్తబుట్టలో నుండి అదృశ్యమగునని యెఱుగరు.

దోషము దుకాణపు పిల్లవానిదే యనలేను. గిరాకీ క్రిక్కిరిసియున్న వేళ ఒక ముసలమ్మకు ఖాతా యన నేమో వివరించు తీరిక వానికెక్కడిది? ఖాతా లేనిదే యాప్ దించుకొననీయని ఫోనులను తయారుచేసి, ఆ ఖాతా యజమాని ఎవరో కొనువారికి తెలిసెనా యని పట్టించుకొననివారికి అందులో పెద్ద పాలున్నది. జిద్దా నుండియో డల్లాస్ నుండియో అమ్మకు ఫోను పంపు కొడుకులకు లేకపోలేదు. తాము వాడనినాడో, తాము లేనినాడో ఖాతాలోనివి ఎవరి చేతికి పోవలెనో ముందుగా నిర్ణయించు వీలు గూగుల్‌లోను ఆపిల్‌లోను గలదు. దానిని అమ్మ ఫోనులో అమర్చిన కొడుకును నేను చూడలేదు.

ఫోను బిల్లుమీద దుకాణదారుడు ఐఎంఈఐ నంబరును ఒక్కయంకె తప్పకుండ వ్రాయును. దాని క్రింద ఇంకొక పంక్తిలో ఖాతా పేరును, దానికి జోడించిన ఫోను నంబరును వ్రాసి, పాస్‌వర్డును మాత్రము కొనినవారి చేతనే పెట్టించినచో అతనికి పట్టునది రెండు నిమిషములు. పత్తర్‌గట్టి మొదలు చంద్రాయణగుట్ట వఱకు గల ఫోను వర్తకులు ఆ పంక్తికి బిల్లుపుస్తకములలో చోటు విడిచి అచ్చు వేయించుకొనవలెనని నా విన్నపము. బిల్లుపుస్తకములు అచ్చగు ఛత్తాబజారు వారికి దూరము కాదు గదా.

— శాలిబండ వాసి