అంగిలి పోయినవాళ్ల సంగతేమిటి?

చీపురుపల్లి వైపు మూలకణాల పరిశోధన మాట ఎత్తితే, చదువుకున్నవాళ్లు సైతం ఒకే మాట అంటారు: "అవన్నీ డబ్బున్నోళ్ల వైద్యాలు. మనవాళ్లచేత అడ్డపొగ మాన్పిస్తే చాలు." వివేకంగా వినిపించే ఈ మాటను నేను ఒప్పుకోను. అడ్డపొగ మాన్పించాల్సిందే. ఇప్పటికే అంగిలి తీసేసిన మనిషికి ఆ సలహా ఎందుకు పనికొస్తుంది?

చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. గాలికి ఆరదు, ఎక్కువసేపు వస్తుంది, పని మధ్యలో చేతులు ఖాళీగా ఉంటాయి. సెగ మాత్రం నేరుగా అంగిలికి తగులుతుంది. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయికి చెందిన మెహతా తమ బృందంతో శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి, 1971లో ఆ వివరాలు ప్రచురించారు. చీపురుపల్లి అప్పట్లో ఆ జిల్లాలోదే. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. ప్రపంచానికి పాఠం చెప్పడానికి మన నోళ్లు పనికొచ్చాయి. చికిత్స దగ్గరికి వచ్చేసరికి "మనకెందుకు" అని మనమే అనుకోవడం నాకు బాధగా ఉంది.

అంగిలికి వచ్చిన క్యాన్సర్ ఎముకకు పాకితే పై దవడలో కొంత తీసేస్తారు. నోటికీ ముక్కుకూ మధ్య రంధ్రం మిగులుతుంది. దాన్ని మూయడానికి కట్టుడుపళ్ల సెట్టులాంటి పలక ఇస్తారు. పుండు మాని కండ ముడుచుకునే కొద్దీ పలక వదులవుతుంది. చోడంబలి తాగితే ముక్కులోంచి వస్తుంది. మాట ముక్కుతో పలుకుతుంది. అలాంటి ఆడమనిషి పెళ్లి పంక్తిలో కూర్చోదు. ఇంట్లో కూడా అందరూ తిన్నాకే తింటుంది. కాలి ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అతికించే ఆపరేషన్ ఉంది. కానీ అది గంటల తరబడి సాగుతుంది. పొగాకుతో ఊపిరితిత్తులు, రక్తనాళాలు దెబ్బతిన్న ముసలి ప్రాణాలు అందరివీ తట్టుకోలేవు.

క్యాన్సర్ చికిత్సలో రేడియేషన్ పడిన కింది దవడది మరో కథ. రక్తనాళాలు మూసుకుపోతాయి, ఎముకను కట్టే కణాలు చస్తాయి. ఏళ్ల తర్వాత ఒక పన్ను పీకితే ఆ గాయం మానదు, ఎముక బయటపడుతుంది, ఒక్కోసారి విరిగిపోతుంది కూడా. అక్కడ కరువైంది బతికున్న కణమే. మూలకణాల పరిశోధన వెతుకుతున్నదీ దాన్నే.

నార్వేలోని బెర్గెన్‌లో 11 మందికి తుంటి ఎముక మజ్జ తీసి, అందులోని కణాలను ల్యాబ్‌లో పెంచి, కాల్షియం ఫాస్ఫేట్ గుళికలతో కలిపి అరిగిపోయిన కింది దవడ మీద పెట్టారు. ఇంప్లాంట్ పళ్లు బిగించేంత ఎముక పెరిగింది. 2018లో ప్రచురించారు. వాళ్లు క్యాన్సర్ రోగులు కారు. క్యాన్సర్ ఉన్న చోట ఎదుగుదలను పెంచే కణాలు పెడితే మిగిలిన రోగం మళ్లీ లేస్తుందేమోనన్న భయం నిజమైనదే. అందుకే దీన్ని పరిశోధనగానే చేయాలి, అమ్మకూడదు. రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడికి తప్ప, అనుమతి పొందిన ట్రయల్ బయట మూలకణాలు వాడటం తప్పని 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. బ్యాంకుల్లో దాచడానికి బొడ్డుతాడు రక్తానికి తప్ప దేనికీ ఆమోదం ఇవ్వలేదు. పిల్లల పాలపళ్లు దాచిపెడతామంటూ డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇది డబ్బున్నోళ్ల వైద్యమన్న పేరు వచ్చిందీ ఇలాంటి వ్యాపారం వల్లనే.

మనవల్ల కాదనేవాళ్లు హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైపు చూడాలి. సున్నం, ఆమ్లం పడి కాలిన కళ్లకు అక్కడ 2001 నుంచి మూలకణాల చికిత్స చేస్తున్నారు; వాళ్లలో పేదలూ ఉన్నారు.

దవడ విషయంలోనూ అలాంటి పని విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో మొదలవ్వాలని నా కోరిక. ముందుగా ఎవరికి ఎంత ఎముక తీశారో, రేడియేషన్ ఎంత పడిందో, తర్వాత ఎవరు పళ్లు పీకించుకున్నారో జాబితా రాయాలి. ట్రయల్‌కు అనుమతి వచ్చిన రోజున చీపురుపల్లి స్టేషన్ నుంచి వచ్చే మనిషికీ, తోడొచ్చేవాళ్లకూ రైలు ఛార్జీ, పోయిన కూలి ఆ పరిశోధన బడ్జెట్‌లోనే ఉండాలి.