విల్లు బరువు మీసానికి కాదు, భుజానికి సరిపోవాలి

దసరాకి మన పిల్లకాయలకి విలువిద్య మొదలుపెట్టాలని, విండ్లు కొనాలని కమిటీలో మాట నడుస్తా ఉంది. మంచి మాటే. కానీ "మనది వేటాడిన వంశం, 50 పౌన్లకి తక్కువైతే మర్యాద ఏముంది" అని కొందరు పట్టుబడుతున్నారు. దానికి మేము ఒప్పుకోము.

పౌన్లంటే విల్లు తూకం కాదు. తాడును 28 అంగుళాలు లాగి పట్టేదానికి ఎంత బలం కావాలో ఆ లెక్క. 50 పౌన్లంటే ఇంచుమించు 23 కిలోలు. ఒక చిన్న బియ్యం మూటంత బరువును మూడు వేళ్ళతో లాగి, కదలకుండా గురి చూడాలి. ఏడో తరగతి పిల్లకి అది అయ్యే పనా?

వేట అంటున్నారు కదా, వేటగాళ్ళ సంగతే చూద్దాం. మన దేశంలో 1972 చట్టంతో వేట నిషేధం. అమెరికాలో లైసెన్సు తీసుకొని విల్లుతో జింకను వేటాడతారు. అక్కడ కూడా కొన్ని రాష్ట్రాల్లో 40 పౌన్లు, కొన్నింట్లో ఇంకా తక్కువ ఉంటే చాలు. వేటగాడు చలిలో గంటలకొద్దీ కూర్చోవాలి. జింక వస్తే చప్పుడు లేకుండా లాగాలి, అది తిరిగేదాకా పట్టుకోవాలి. చెయ్యి వణికితే బాణం తగలరాని చోట తగిలి, ఆ జీవం నరకం పడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు ఒక పరీక్ష పెడతారు. కుర్చీలో కూర్చొని, రెండు కాళ్ళూ ఎత్తి, విల్లును నేరుగా పట్టి మెల్లగా లాగాలి. ఆకాశానికి ఎత్తి గుంజితేగాని రాలేదంటే ఆ విల్లు మనది కాదు.

విజయవాడ పిల్ల జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఆమె ఆడే కాంపౌండు పోటీల్లో ఎంత బలవంతుడైనా 60 పౌన్లు దాటకూడదు. పతకం గురికేగాని బరువుకి కాదు. మన తిన్నడు తమిళంవాళ్ళకీ కన్నప్పే. ఆయన్ని ఇద్దరమూ తలచుకునేది విల్లు బరువు చూసి కాదు గదా.

"చిన్న విల్లు కొంటే రెండేళ్ళకి మార్చాల, దుడ్డు దండగ" అనే మాట కూడా ఉంది. పిడి వేరుగా, కొమ్మలు వేరుగా విప్పే విండ్లు దొరుకుతాయి. పిడి అదే ఉంచి కొమ్మలు మాత్రం మార్చుకోవచ్చు.

మా మాట ఇది. పన్నెండేళ్ళ లోపు వాళ్ళకి 10 నుంచి 15 పౌన్లు, పై పిల్లలకి 18 నుంచి 24, పెద్దవాళ్ళకి మొదట్లో 25 నుంచి 30. చెయ్యి కుదిరాక కొంచెం కొంచెంగా పెంచుదాం. కొనేముందు కొక్కెం తాసుతో లాగి చూద్దాం, అంగడివాని మాట నమ్మొద్దు.

రైల్వేలో పనిచేసినవాళ్ళం, ఇంజను లాగగలిగినంతే పెట్టెలు తగిలించేది చూసినాము. బరువు విల్లు ఇస్తే మొదటి నెలలోనే భుజం పట్టుకొని పిల్లలు మానేస్తారు. విండ్లు సంఘం గదిలో బూజు పడతాయి. మళ్ళీ పిలిస్తే రారు. ఆదివారం కూటంలో ఓటు వేసేముందు ఇది ఆలోచించండి.