మూతపొట్లపు బేరము

ఫోనులో నాడెడి క్రొత్త చీట్లయాటల ప్రకటనలు వరుసగా వెలువడుచున్నవి. బొమ్మల సొగసును గూర్చియు, వీరుల బలాబలములను గూర్చియు వర్ణనలకు కొదువ లేదు. ఆడువాడు సొమ్మెట్లు చెల్లింపవలెనను సంగతి మాత్రము చిట్టచివర, చిన్న యక్షరములలో, ‘ఉచితము’ అను పెద్దమాట చాటున దాగియుండును. అంగడికి బోయినవాడు మొదట ధర నడుగును. ఈ యంగడిలో సరకు నంటగట్టిన పిమ్మటగాని ధర తెలియదు. కావున ఆట రాకమునుపే ధర నడుగుట మా విధియని తలచుచున్నాము.

ఈ వర్తకము పుట్టుక యెరుగదగినది. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ కల్పించిన ‘మ్యాజిక్’ అను ఆటతో ఇది ప్రబలినది. చీట్లను మూసిన పొట్లములలో నమ్ముదురు. లోన నేది యున్నదో కొనువానికి తెలియదు. అయినను అది కాగితపు చీటి. వలదన్నచో పొరుగువాని కీయవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. ఫోనులోని చీటి యట్టిది కాదు. 2014లో వచ్చిన ‘హార్త్‌స్టోన్’లో ఒకరి చీటిని వేరొకరి కిచ్చుటకే వీలులేదు. చీటి కంపెనీవారి లెక్కలలోని యొక పద్దు. వారు కొట్టు మూసిననాడు మన పెట్టెయు ఖాళీ యగును. సొమ్ము మనది, సొత్తు వారిది!

ఇక పొట్లపు లెక్క చూతము. ఉదాహరణకు, పొట్లము వెల యేబది రూపాయలనియు, కోరిన చీటి నూటి కొకపాలు దొరకుననియు ననుకొందము. నూరు పొట్లములు కొన్నచో చీటి దొరకి తీరునని బాలుడు నమ్మును. గణితశాస్త్ర మట్లు చెప్పదు. నూరేసి పొట్లములు కొన్న నూరుగురిలో సుమారు 37 మందికి ఆ చీటి దొరకనే దొరకదు. ఒక్కొక్కరు వ్యయము చేసినది 5,000 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రమున ఉపాధిహామీ కూలి దినమునకు 307 రూపాయలు. అనగా పదునారు దినములు మట్టి తవ్విన సొమ్ము మూసిన పొట్లముల పాలైనది. సభాపర్వమున ధర్మరాజు ఎదుటివాని పాచికలతో నాడి రాజ్యము గోల్పోయెను. ఇచ్చటను పాచికలు చేయువాడును, తూకము నిర్ణయించువాడును, గెలుపు పంచువాడును ఒక్కడే.

‘ఎవరిని నిర్బంధించితిమి? ఇష్టమున్నవారే కొనుచున్నారు, ఆట నిర్మించుటకు వ్యయము గాదా?’ అని కొందరడుగుదురు. వ్యయమగును. బొమ్మ గీసినవానికి, యంత్రలిపి వ్రాసినవానికి జీతము ముట్టవలెను. వారిలో మన తెలుగు యువకులును గలరు. ధర పెట్టుట దోషమని మేమనము, ధర దాచుట దోషమందుము. 2018లో వాల్వ్ కంపెనీవారు ‘ఆర్టిఫాక్ట్’ అను చీట్లయాటకు ప్రవేశపు వెల పెట్టి, మరల పొట్లములకు వేరుగా సొమ్మడిగిరి. ఆడువారు త్వరలోనే తొలగిపోయిరి; 2021లో కంపెనీవారు నిర్మాణము మాని ఆటను ఉచితముగా విడిచిపెట్టిరి. ఆ కంపెనీ తన ధరలను దాచలేదు గనుకనే జనులు లెక్క చూచుకొని లేచిపోగలిగిరి. దాచినచో లేచిపోవు టెట్లు?

చట్టము లేదా యందురేమో. సికిందరాబాదు క్లబ్బొకదాని విషయమున సుప్రీముకోర్టు రమ్మీ నైపుణ్యపు టాటయని చెప్పినది. ఆ తీర్పు 1968 నాటి న్యాయనివేదికల కెక్కినది. ఆ యొక్క మాటను గొడుగుగా బట్టి ఫోనులో పందెములు నడపినవారెందరో! తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను వానిని నిషేధించినవి. పిదప పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ ఆటల చట్టము 2025 ఆగష్టు 22వ తేదీన రాష్ట్రపతి యామోదము బొందినది. నైపుణ్యమా, అదృష్టమా యను వాదము నది త్రోసివేసినది. సొమ్మొడ్డి సొమ్మాశించు ఆట నడపువారికి మూడేండ్లవరకు చెర, కోటి రూపాయలవరకు జరిమానా విధించినది. చందా గాని, ఒక్కమారు ప్రవేశ రుసుము గాని తీసికొను వినోదపు టాటలను అనుమతించినది.

ఇంతవరకు లెస్స. కాని మూతపొట్ల మేకోవకు చెందును? చీటి సొమ్ముగా మారునెడల అది పందెమేయని మా యభిప్రాయము. మారదనునెడల, ‘ఇందు లాభాపేక్ష యెక్కడిది?’ అని కంపెనీ తప్పించుకొనజూచును. సొమ్ముపోవుట నిజమై, సొమ్మువచ్చుట కల్లయైనంత మాత్రమున జూదము పుణ్యకార్యమగునా? మామూలు జూదరికి గెలుపుపై నాశయైన గలదు; ఈ జూదరికి అదియు లేదు! బెల్జియము 2018లోనే ఇట్టి పెట్టెలను జూదమని తేల్చినది. చీనా 2017 నుండి లోన నేది యెన్నిపాళ్లు దొరకునో ప్రకటింపవలెనని శాసించినది. మనకేల యీ యుపేక్ష?

బాలుర సంగతి మరింత ఘోరము. మైనరు చేసిన యొడంబడిక చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిలు తీర్పుచెప్పినది. నేడు పెన్న యుత్తరపుటొడ్డున నున్న మా కోవూరులో వడ్లు కొలిచిన సొమ్మైనను, రొయ్యలగుంటల కూలియైనను తండ్రి ఫోనులోని యూపీఐకే చేరుచున్నది. ఆ ఫోనే సాయంకాలము పిల్లవాని చేతి యాటవస్తువు. నాలుగంకెల రహస్య సంఖ్య తెలిసిన పిల్లవానికి సంతకముతో పనిలేదు.

పొట్లము పేరు వినినంతనే నెల్లూరు సీమవారికి వేరొక పొట్లము జ్ఞప్తికి రాకమానదు. ‘వారుణి వాహిని’ పేర ప్రభుత్వమే సారాను పొట్లములలో బోసి పల్లెలకు బంపిన దినములు గలవు. నాడును ‘ఇష్టమున్నవారే త్రాగుచున్నారు’ అనియే వాదము. 1991 నాటి అక్షరాస్యతోద్యమమున అక్షరములు నేర్చిన మా జిల్లా స్త్రీలు ఇంటి లెక్క తాము చూచుకొనిరి. దూబగుంటలో నారంభమైన యుద్యమము 1992లో రాష్ట్రమంతట నల్లుకొనినది. 1993 అక్టోబరు 1వ తేదీన సారా నిషిద్ధమైనది. ఆ తల్లులు కోరినది పాండిత్యము కాదు. కూలిసొమ్ము గడప దాటి ఎక్కడికి బోవుచున్నదో తెలియుట.

మేము కోరునదియు నంతే. ఆటకు వెల పెట్టుదురు గాక, అది రూపాయలలో ముందుగా చెప్పవలెను. వజ్రములు, నాణెములు అను మారుపేర్లు కూడదు. సొమ్ము తీసికొన్నచో చీటిని చూపి యమ్మవలెను; మూసి యమ్మరాదు. పదునెనిమిదేండ్లు నిండనివానినుండి తల్లిదండ్రుల యనుమతి లేక పైసా గైకొనరాదు. కేంద్రప్రభుత్వము చట్టపు నియమములలో మూతపొట్లమును పేరుపెట్టి నిషేధింపవలెను. ఇందేదియు ఆటకు శత్రువు కాదు. ఇవి యొప్పుకొనజాలని యాట ఆటయే కాదు, వసూలు యంత్రము. దానికి మా గడపలలో చోటులేదని కోవూరు తల్లిదండ్రులు నేడే నిశ్చయించుకొందురుగాక!