కొండెక్కిన పిల్లలు, తెరకెక్కాల్సిన కథలు

2018 మే నెలలో మన చంద్రపూర్ జిల్లా ఆశ్రమ పాఠశాలల విద్యార్థులు ఐదుగురు ఎవరెస్ట్ ఎక్కి వచ్చారు. వారిలో ఆడపిల్ల ఒక్కతే, మనీషా ధుర్వే. మహారాష్ట్ర గిరిజన అభివృద్ధి శాఖ ‘మిషన్ శౌర్య’ పేరుతో ఈ పిల్లలకు తర్ఫీదు ఇప్పించింది. ఇలాంటి జీవితాలను పదికాలాలు నిలిపే శక్తి సినిమాకు ఉంది. అయితే సినిమా వాటిలో దేన్ని చూపించాలన్నదే అసలు ప్రశ్న.

మనీషా కన్నా నాలుగేళ్ళ ముందు ఈ దారి తొక్కింది మన తెలుగు పిల్ల. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, ఇంకా 14 ఏళ్ళు నిండకుండానే, ఎవరెస్ట్ ఎక్కింది. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. చదువు సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆమె కథను 2017లో రాహుల్ బోస్ ‘పూర్ణ’ పేరుతో హిందీలో తీశారు. పూర్ణగా అదితి ఇనామ్‌దార్ నటించింది. అందులో మంచు శిఖరం కన్నా మనసును పట్టుకునేది, చిన్న వయసులోనే పెళ్ళయి ప్రాణం పోగొట్టుకున్న, పూర్ణకు అక్క వరసైన ప్రియ. పూర్ణ ఎంత ఎత్తు ఎక్కిందో ప్రియను చూస్తేనే తెలుస్తుంది. పూర్ణకు తొలి పాఠాలు భువనగిరి ఏకశిల గుట్ట మీద జరిగాయి. తాడు ఎలా బిగించుకోవాలి, కాలు ఎక్కడ ఆనించాలి, బరువు చేతుల మీద పడకుండా కాళ్ళ మీద ఎలా మోపాలి అన్నవి ఒక్కొక్కటే అలవడాలి. సాహసం అలా ఒంటబట్టే విద్య.

2021లో అమిత్ మసూర్కర్ తీసిన ‘షేర్నీ’ ఈ విద్యను ఇంకా దగ్గరగా చూపింది. మన పొరుగున యవత్మాల్ జిల్లా పాంఢర్‌కవడా అడవుల్లో 2018 నవంబరులో కాల్చి చంపిన ‘అవని’ పులి ఉదంతాన్ని అది గుర్తుచేస్తుంది. విద్యాబాలన్ పోషించిన అటవీ అధికారిణి తుపాకీ పట్టదు. కెమెరా ట్రాప్‌ల చిత్రాలు పరిశీలిస్తుంది, అడుగుజాడలు వెతుకుతుంది, ఊరివాళ్ళ మధ్య కూర్చుని మాట్లాడుతుంది. పులి నడిచే దారికి అడ్డంగా గని గొయ్యి ఉందని కనిపెడుతుంది. బొగ్గు గనుల పక్కనే బతుకుతున్న చంద్రపూర్ వాళ్ళకు ఆ గొయ్యి గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చివరికి ఆమె పులిని కాపాడలేకపోయింది. అయినా ఆమె చేసిన పని విలువ ప్రేక్షకుడికి తగ్గినట్టు అనిపించదు. అక్కడే ఆ సినిమా గెలిచింది.

ఆ సినిమా వచ్చిన 2021లోనే, నవంబర్ 20న మన తాడోబా పులుల అభయారణ్యంలోని కొలారా ప్రాంతంలో, పులుల గణన పని మీద కాలినడకన వెళ్ళిన ఫారెస్ట్ గార్డు స్వాతి ధుమనే ఆడపులి దాడిలో కన్నుమూశారు. దారిలో పులి కూర్చుని ఉండడం చూసి ఆమె ఆగారు. కొంతసేపు ఎదురుచూసి, ఆ తర్వాతే సహాయకులతో కలిసి పక్క నుంచి చుట్టు తిరిగి వెళ్ళబోయారు. అడవి మర్యాద తెలిసిన మనిషి అలాగే చేస్తుంది. నాలుగేళ్ళకోసారి పులుల లెక్క పెరిగిందని దేశమంతా సంతోషిస్తుంది. ఆ లెక్క తేలడానికి బీటు బీటునా ఇలా నడిచేవాళ్ళు కావాలి. వాళ్ళ నడకలో ఒక సినిమాకు సరిపడా కథ ఉంది.

మన సినిమావాళ్ళను కోరేది ఇదే. శిఖరం మీది జెండాతో పాటు, అంతకు ముందు పిల్ల జారిపడిన రోజులనూ నేర్చుకున్న తీరునూ చూపండి. తెలుగు పిల్ల కథ హిందీలో రావడం సంతోషమే. అలాంటి కథలు తెలుగులోనూ రావాలి. తెలంగాణతో హద్దు పంచుకునే జివతి, రాజురా తాలూకాల్లో గోండి, మరాఠీ, తెలుగు మూడూ వినిపిస్తాయి. అక్కడి పిల్ల తన మాటలోనే తెర మీద మాట్లాడాలి.

ఈలోగా మనం చేయగలిగిందీ ఉంది. చంద్రపూర్, బల్లార్పూర్‌లలోని తెలుగువారు ‘పూర్ణ’, ‘షేర్నీ’ సినిమాలు రెండింటినీ బడిపిల్లలకు చూపించాలి. తాడోబా సఫారీల్లో మహిళా గైడ్లు పనిచేస్తున్నారు. సినిమా అయ్యాక వారిలో ఒకరిని పిల్లల ముందు కూర్చోబెట్టి, అడిగినంతసేపు అడగనివ్వాలి. వచ్చే వేసవి సెలవుల్లోగా ఒక్క ఆశ్రమ పాఠశాలలోనైనా ఇది జరగాలి. పూనుకునేవారికి మా పత్రిక తోడుగా నిలుస్తుంది.