పాఠం చెప్పే సారే పుస్తకం రాయాలి! యూనివర్సిటీ డబ్బివ్వాలి!

ఎత్తిపోతల, తాళ్లపల్లె, విజయపురి సౌత్, మాచర్ల చుట్టుపక్కల ఊళ్ళ, తండాల అన్నలారా, అక్కలారా, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పిల్లల్ని కాలేజీకి పంపుతున్న అమ్మలారా, నాయనలారా!

సెమిస్టర్ మొదలవుతుంది. పుస్తకాల లిస్టు చేతికొస్తుంది. ఆ కాయితం చూసి గుండె గుభేలుమనని ఇల్లు మనలో ఒక్కటైనా ఉందా?

డిగ్రీ సైన్సులో పేరున్న ఇంగ్లీషు పుస్తకం ఒక్కటి కొనాలంటే ఐదారొందలు కావాలి. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక్క పుస్తకానికి అమ్మ రెండు రోజులు ఎండలో మట్టి తవ్వాలి! ఒక్క సబ్జెక్టుతో అయిపోతుందా? ఒక్క సెమిస్టర్‌తో అయిపోతుందా? మిరప కోతల్లో నడుం విరిగేలా పనిచేసి తెచ్చిన డబ్బు మందుల కొట్టు బాకీకే చాలదు. ఇంక పుస్తకానికి ఎక్కణ్ణించి తేవాలి? అడగడానికి పిల్లకి నోరు రాదు. లేదని చెప్పడానికి నాయనకి మనసు రాదు.

అందుకే జిరాక్స్ షాపుకు పోతున్నాం. సీనియర్ దగ్గరున్న కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ! ఆ స్పైరల్ బైండింగ్ ఒకసారి తెరిచి చూడండి. 43వ పేజీ తర్వాత 46వ పేజీ ఉంటుంది. బెంజీన్ బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి మచ్చ. గ్రాఫులో గీత సగంలోనే ఆగిపోతుంది. అంచున ఎవరో పెన్నుతో రాసుకున్న జవాబు మాత్రం నల్లగా, స్పష్టంగా కనబడుతుంది. అది తప్పో ఒప్పో ఎవరికి తెలుసు? దాన్నే బట్టీ పట్టి పరీక్ష రాస్తున్నాం. ఫెయిలైతే "చదవలేదు" అంటారు. ఏం పెట్టి చదవాలయ్యా?

ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. చదువు కోసం జిరాక్స్ తీసుకున్నవాడు దొంగ కాదు! ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే పెద్ద పబ్లిషర్లు 2012లో ఢిల్లీ యూనివర్సిటీ ఆవరణలోని రామేశ్వరి జిరాక్స్ షాపు మీద కేసు వేశారు. 2016 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు జడ్జి ఆ కేసు కొట్టేశారు. పాఠం చెప్పడానికి అవసరమైన మేరకు కాపీ తీయొచ్చన్న సూత్రాన్ని అదే ఏడాది డిసెంబర్‌లో డివిజన్ బెంచి కూడా నిలబెట్టింది. 2017లో పబ్లిషర్లు కేసే వెనక్కి తీసుకున్నారు. అక్కడి విద్యార్థులూ సార్లూ కలిసి నిలబడ్డారు కాబట్టే అది జరిగింది!

కానీ జన్మంతా మసక జిరాక్సులతోనే బతుకుదామా? మన పిల్లలకి శుభ్రమైన పుస్తకం వద్దా?

పాత పుస్తకాలు కొనుక్కోండని సలహా ఇస్తారు. ఎట్టా కొనుక్కోవాలి? 2020-21లో ఒక సిలబస్ వచ్చింది. 2023-24లో ఒకే ప్రధాన సబ్జెక్టు, అంటే సింగిల్ మేజర్ అన్నారు, మళ్ళీ మార్చారు. అన్న చదివిన పుస్తకం తమ్ముడికి పనికిరాకుండా పోయింది!

పైగా 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అన్నారు. ఇంగ్లీషు మాకూ కావాలి. వద్దనేవాళ్ళం కాదు. కానీ తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన పిల్ల ఒక్కసారిగా మందపాటి ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చుంటే ఏం అర్థమవుతుంది? సర్కారు బడిలో ఆరో తరగతి పిల్లాడి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. అదీ ఉచితంగా! ఆ ఏర్పాటు బళ్ళో ఉన్నప్పుడు డిగ్రీకి వచ్చేసరికి ఎందుకు లేదు? డిగ్రీ పిల్లలేమన్నా కలవారి బిడ్డలా? ఆ బడి నుంచే కదా వచ్చింది!

మనం అడిగేది ఒక్కటే. మన డిగ్రీ కాలేజీలకు ఆచార్య నాగార్జున యూనివర్సిటీ ఉంది. 1976లో పెట్టారు. ఆ యూనివర్సిటీ పాఠం చెప్పే లెక్చరర్లకు గ్రాంటు ఇవ్వాలి. ఆ డబ్బుతో వాళ్ళు మన సిలబస్‌కి సరిపడా, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకం రాయాలి. ఆ పుస్తకం మీద ఏ కంపెనీకీ హక్కు ఉండకూడదు. ఎవరైనా చదువుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, తప్పుంటే దిద్దుకోవచ్చు. సిలబస్ మారితే మారిన పాఠం ఒక్కటే తిరగరాస్తే సరిపోతుంది!

కొత్త కోరికా ఇది? కాదు! యూనివర్సిటీ చదువులకు ప్రాంతీయ భాషల్లో పుస్తకాలు రాయించడానికి కేంద్రం రాష్ట్రాలకు డబ్బిచ్చింది. ఆ పని కోసమే 1968లో తెలుగు అకాడమీ పుట్టింది. దాని తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. తెలుగు మీడియంలో డిగ్రీ చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళని అడగండి, అకాడమీ పుస్తకం విలువ చెబుతారు. మొన్న 2021లో మొదలుపెట్టి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ కూడా ఇంజనీరింగ్, డిప్లొమా పుస్తకాలు రాయించింది, తెలుగులోకి తెప్పించింది. ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా దించుకోవచ్చు. ఇంజనీరింగ్ పిల్లలకి సాధ్యమైంది బీఎస్సీ, బీకాం, బీఏ పిల్లలకి ఎందుకు సాధ్యం కాదు? ఐదేళ్ళలో భారతీయ భాషల్లో 22 వేల పుస్తకాలు తెస్తామని 2024 జూలైలో యూజీసీ 'అస్మిత' పథకం ప్రకటించింది. మంచిదే. మరి మాచర్ల కాలేజీ బెంచీ మీదకి అవి ఎప్పుడొస్తాయి?

బయటి దేశాల సంగతీ చూడండి. మన తెలుగు పిల్లలు ఎందరో చదువుకునే అట్లాంటా ఉన్నది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల వ్యవస్థ 2014 నుంచి సరిగ్గా ఇదే పని చేస్తోంది. ఖరీదైన పుస్తకం తీసేసి ఉచిత పుస్తకంతో పాఠం చెబుతామని ముందుకొచ్చిన లెక్చరర్ల బృందాలకు గ్రాంటు ఇస్తోంది. హూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ 2012 నుంచి ఫిజిక్స్, బయాలజీ, ఎకనామిక్స్ పుస్తకాలు ఓపెన్‌స్టాక్స్ పేరుతో ఉచితంగా ఇస్తోంది. డాలర్లున్న దేశమే పిల్లలు పుస్తకాలు కొనలేకపోతున్నారని ఒప్పుకుంది! మన దగ్గర ఒప్పుకోవడానికి నామోషీ దేనికి?

సార్ల మీద మాకు కోపం లేదు. వాళ్ళూ మనవాళ్ళే. పొద్దస్తమానం క్లాసులు, పరీక్ష డ్యూటీలు, ఆన్‌లైన్ ఎంట్రీలు. కాంట్రాక్టు సారుకి, గెస్ట్ మేడంకి జీతమే సమయానికి రాదు. ఊరికే పుస్తకం రాయమంటే ఎవరు రాస్తారు? అందుకే గ్రాంటు అడుగుతున్నాం. రాసినన్నాళ్ళు క్లాసులు తగ్గించమంటున్నాం. కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లకూ ఇవ్వమంటున్నాం. రాసింది సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ చూడాలి, తప్పులు దిద్దాలి. పరీక్ష పేపరు ఆ పుస్తకం నుంచే రావాలి. లేకపోతే పిల్లలు మళ్ళీ గైడ్ల వెంటే పడతారు.

ఇంకో సంగతి. ఫోన్లో పీడీఎఫ్ పెట్టి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం! ఇంటికి ఒకటే ఫోను. అది నాయనతో పొలానికి పోతుంది. సిగ్నల్ అందని తండాలో పీడీఎఫ్ ఏం చేసుకోవాలి? అచ్చు ఖర్చుకే పుస్తకం చేతికివ్వాలి. ప్రతి కాలేజీ లైబ్రరీలో సెట్లు పెట్టాలి.

మన నేల సంగతి కూడా గుర్తు చేసుకోండి. ఎత్తిపోతల నుంచి కాస్త దూరం పోతే అనుపు. సాగర్ నీళ్ళలో మునిగిపోకుండా తెచ్చి నిలబెట్టిన పాత విద్యాపీఠం అక్కడ ఉంది. ఇక్ష్వాకుల కాలంలో సింహళ భిక్షువులకు ఈ లోయలో విహారం ఉండేది. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చైనా పేర్లు కనబడతాయి. అంతంత దూరాల చదువుతో చుట్టరికం ఉన్న నేల ఇది! ఈ నేల మీద పుట్టిన పిల్ల పుస్తకం కొనలేక చదువు మానేస్తే మనం చూస్తూ ఊరుకుంటామా?

ఊరుకోం! ఈ కరపత్రం వెనక్కి తిప్పండి. ఖాళీగా వదిలాం. మీ పేరు, ఊరు, కోర్సు రాయండి. ఈ సెమిస్టర్ పుస్తకాలకి ఎంత ఖర్చయిందో, ఏ పుస్తకం కొనలేకపోయారో రాయండి. సంతకం చేయండి. అమ్మతో, నాయనతో చేయించండి. వేలిముద్రైనా సరే! పది కాగితాలు పోగవగానే ప్రిన్సిపాల్ గారి చేతికివ్వండి, అందినట్టు రాయించుకోండి. నకళ్ళు వైస్ ఛాన్సలర్‌కీ, ఉన్నత విద్యామండలికీ పంపండి. గ్రామసభలో ఈ మాట లేవనెత్తి తీర్మానం అడగండి. లెక్చరర్ సార్లూ, మేడంలూ! మీరూ రండి, మా పక్కన సంతకం పెట్టండి!

వచ్చే సెమిస్టర్ లిస్టు చేతికి రాకముందే ఈ కాగితాలు యూనివర్సిటీ బల్ల మీదికి చేరాలి. ఈరోజే రాయండి, పక్కింటివాళ్ళతోనూ రాయించండి!

— ఎత్తిపోతల పరిసర గ్రామాల డిగ్రీ విద్యార్థులు, తల్లిదండ్రులు